డ్యూయల్ బూట్‌లో పాత ఓఎస్ తీసేయడం ఎలా: ముందు బూట్ సంగతి, తర్వాతే డిలీట్

తిరుపతిలో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయంటే చాలు, కంప్యూటర్ రిపేరు పని చేసే నాలాంటి వాళ్లకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ‘అన్నా, ల్యాబ్ కోసం ఉబుంటు వేసుకున్నా. ఇప్పుడు సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోంది. ఉబుంటు తీసేయాలి, విండోస్ మాత్రం పోకూడదు. ఎలా?’ అని. ఉబుంటు అంటే లైనక్స్ రకం ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్). ఇలా ఒకే కంప్యూటర్‌లో రెండు ఓఎస్‌లు పెట్టుకోవడమే డ్యూయల్ బూట్. చిత్తూరు వైపు నుంచి వచ్చే ప్రశ్న కాస్త వేరు. డీటీపీ సెంటర్లో ‘అను’ తెలుగు ఫాంట్ల కోసమని విండోస్ 7ను అలాగే ఉంచి పక్కన విండోస్ 10 వేయించుకుంటారు. ఇక ఆన్ చేసిన ప్రతిసారీ ‘ఏది కావాలి’ అని మెనూ అడుగుతూ ఉంటుంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14తో ఆగిపోయింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది కాబట్టి, 11 వేసుకుని 10ని వదిలించుకోవాలనుకునేవాళ్లూ ఇప్పుడు అడుగుతున్నారు.

అందరికీ నేను చెప్పేది ఒకటే. పార్టిషన్‌ను, అంటే పాత ఓఎస్ ఉన్న డిస్కు భాగాన్ని, ముందు డిలీట్ చేయకండి. కంప్యూటర్ ఆన్ కాగానే మీరు ఉంచుకోవాలనుకున్న ఓఎస్‌లోకి నేరుగా వెళ్లేలా ముందు చేసుకోండి. రీస్టార్ట్ చేసి చూసుకోండి. ఆ తర్వాతే పాతదాని జోలికి వెళ్లండి. నల్ల తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న అక్షరాలతో నా దగ్గరికి వచ్చే ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ ఈ వరుస తప్పినవే. ఉబుంటు బూట్ మెనూ పేరు గ్రబ్. దాని మొదటి ముక్క డిస్కులో వేరే చోట ఉంటుంది, మిగతా ఫైళ్లు ఉబుంటు పార్టిషన్‌లోనే ఉంటాయి. పార్టిషన్ పోయాక ఆ మొదటి ముక్క తన ఫైళ్ల కోసం వెతికి, దొరక్క అక్కడే నిలబడిపోతుంది. థియరీ ఇంతే చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 8 జీబీ లేదా అంతకంటే పెద్ద ఖాళీ పెన్‌డ్రైవ్. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో ఇందులో విండోస్ సెటప్ వేసుకోండి. అవసరం పడకపోవచ్చు. పడిన రోజున మాత్రం ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉండదు.
- బ్యాకప్‌కు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్.
- ల్యాప్‌టాప్ అయితే ఫుల్ ఛార్జ్, పైగా ఛార్జర్ పెట్టే ఉంచాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్. మన దగ్గర నవంబరు వానల్లో సాయంత్రం పూట కరెంటును నమ్మి ఈ పని మొదలుపెట్టకండి.
- బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ. ఇది 48 అంకెలు ఉంటుంది.

ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఈ తాళం, డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో, ఆన్ అయి ఉండొచ్చు. బూట్ ఆర్డర్ మార్చగానే విండోస్ ఆ 48 అంకెలు అడిగే అవకాశం ఉంది. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. కానీ ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపు కుర్రాడో, మీ బావగారో తన ఈమెయిల్‌తో సెటప్ చేసి ఉంటే కీ వాళ్ల అకౌంట్‌లో ఉంటుంది. ముందే ఫోన్ చేసి తెప్పించుకుని కాగితం మీద రాసుకోండి. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ తెరిచి ‘సస్పెండ్ ప్రొటెక్షన్’ నొక్కండి. హోమ్ ఎడిషన్ అయితే సెటింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూడండి. ఉంటే ఆపేయండి. డీక్రిప్షన్ (తాళం తీయడం) పూర్తయ్యేదాకా ఆగాలి, ఇందుకు కొంత సేపు పడుతుంది.

ఆఫీసు వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే వాళ్లను అడగకుండా ఇవేవీ చేయకండి. రేపు పొద్దున ఆన్‌లైన్ టెస్టు ఉందనగా ఈ రాత్రి ఈ పని పెట్టుకోకండి.

మీ కంప్యూటర్ ఏ రకం?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ బాక్సు వస్తుంది. అందులో ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. వచ్చిన జాబితాలో ‘బయోస్ మోడ్’ అన్న వరుస చూడండి. అక్కడ యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటుంది, లేదా లెగసీ (పాత పద్ధతి) అని ఉంటుంది. విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌లన్నీ యూఈఎఫ్‌ఐ. విండోస్ 7 కాలం నాటి డెస్క్‌టాప్‌లు ఎక్కువగా లెగసీ. ఈ రెండింటికీ పద్ధతి వేరు. ఒకదాని కోసం చెప్పిన వీడియో చూసి రెండోదాని మీద చేస్తేనే గొడవ మొదలవుతుంది.

బ్యాకప్: డాక్యుమెంట్స్ ఒక్కటే కాదు

ఉబుంటులో మీ హోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి. సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, బ్రౌజర్ బుక్‌మార్కులు వాటిలోనే ఉంటాయి. ప్రాజెక్టు చేసిన విద్యార్థులు ఎక్కువగా పోగొట్టుకునేది డేటాబేస్. మైఎస్‌క్యూఎల్ డేటా హోమ్ ఫోల్డర్‌లో ఉండదు, సిస్టమ్ ఫోల్డర్లలో ఉంటుంది. కాబట్టి దాన్ని విడిగా ఒక ఫైలుగా (డంప్) తీసుకోవాలి. కోడ్ గిట్‌హబ్‌లో ఉందని ధీమాగా ఉండేవాళ్లు చివరి కమిట్ పుష్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి.

రెండు చిన్న చిక్కులు. హార్డ్‌డిస్క్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అందుకే ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడండి. ఇక లైనక్స్‌లో ఫైలు పేరులో కోలన్, ప్రశ్నార్థకం పెట్టొచ్చు కానీ విండోస్ ఒప్పుకోదు. అలాంటి ఫైళ్లు కాపీలో తప్పిపోతాయి. పేరు మార్చి కాపీ చేయండి, లేదా ఫోల్డర్‌ను జిప్ చేసి పంపండి.

కాపీ అయిపోయాక విండోస్‌లోకి వెళ్లి ఆ హార్డ్‌డిస్క్ పెట్టి నాలుగైదు ఫైళ్లు నిజంగా తెరిచి చూడండి. ఫోల్డర్ కనిపిస్తే చాలదు, ఫైలు తెరుచుకోవాలి.

ఉబుంటు నుంచి బయటికి వచ్చే ముందు ఇంకో పని ఉంది. ‘డిస్క్స్’ యాప్ తెరిచి, పార్టిషన్ల బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏది ఎంత సైజో కాసేపట్లో అవసరం పడుతుంది.

ఉబుంటు తీసి విండోస్ ఉంచుకోవడం (యూఈఎఫ్‌ఐ)

1. బయోస్‌లోకి, అంటే ఓఎస్ కంటే ముందే వచ్చే సెటింగ్స్ తెరలోకి, వెళ్లండి. కీలు గుర్తులేకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెటింగ్స్ వరుసగా ఎంచుకోండి. బూట్ ఆర్డర్‌లో ఉబుంటు పైన ఉంటుంది. ‘విండోస్ బూట్ మేనేజర్’ను దానికంటే పైకి తెచ్చి సేవ్ చేయండి. కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో ఈ పేర్లు నేరుగా కనిపించవు. ‘ఓఎస్ బూట్ మేనేజర్’ అన్న వరుస మీద ఎంటర్ కొడితే లోపల ఈ రెండూ ఉంటాయి.

2. ఏ కీ నొక్కకుండా వదిలేయండి. గ్రబ్ మెనూ రాకుండా తిన్నగా విండోస్ రావాలి. వచ్చాక పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయండి. రెండోసారి కూడా అలాగే వస్తేనే ముందుకు వెళ్లండి. మళ్లీ గ్రబ్ వస్తే మీరు బయోస్‌లో సేవ్ చేయలేదన్నమాట. ఒకటో స్టెప్పుకే వెళ్లండి, డిలీట్ చేసేస్తే అదే సర్దుకుంటుందని అనుకోకండి.

3. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఇక్కడ తొందర పడకండి. ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ ఉంటే డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు వరుసలు కనిపిస్తాయి. ఉబుంటు దేనిలో ఉందో మీ ఫోన్లోని ఫొటోతో పోల్చుకోండి.

మామూలుగా 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే మొత్తం 476 జీబీగా కనిపిస్తుంది. ఎడమ వైపు 100 లేదా 260 ఎంబీ చిన్న గడి మీద ‘ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్’ అని రాసి ఉంటుంది. ఉబుంటు, విండోస్ రెండూ దీన్నే వాడుకుంటాయి కాబట్టి దీన్ని అస్సలు ముట్టుకోకండి. తర్వాత ఎన్‌టీఎఫ్‌ఎస్ అని రాసిన సీ డ్రైవ్ ఉంటుంది. దాని పక్కన అక్షరం, పేరు, ఫైల్ సిస్టమ్ ఏమీ లేకుండా ‘హెల్దీ, ప్రైమరీ పార్టిషన్’ అని మాత్రమే ఉన్న పెద్ద గడి ఉంటుంది. అదే ఉబుంటు. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు ఉబుంటు వాడుకునే చోటు) విడిగా పెట్టుకున్నవాళ్లకు అలాంటిదే ఇంకో చిన్న గడి కూడా ఉంటుంది. చివర్లో కొన్ని వందల ఎంబీల ‘రికవరీ పార్టిషన్’ ఉంటుంది, దాన్నీ వదిలేయాలి.

‘నేను ఉబుంటుకు 100 జీబీ ఇచ్చాను, ఇక్కడ 93 చూపిస్తోంది, ఇది వేరేదా?’ అని చాలామంది టెన్షన్ పడతారు. వేరేది కాదు. ఉబుంటు వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది.

4. ఆ గడి మీద రైట్ క్లిక్ చేసి ‘డిలీట్ వాల్యూమ్’ నొక్కండి. దీన్ని విండోస్ తయారు చేయలేదు, వేరే ఓఎస్ డేటా ఉండొచ్చు, డిలీట్ చేయాలా అన్న అర్థంలో ఒక హెచ్చరిక వస్తుంది. ఇది వస్తే మంచిదే, మీరు సరైన గడి మీదే ఉన్నారని గుర్తు. ఆ మాట లేకుండా, ఇందులోని డేటా అంతా పోతుంది అని మాత్రమే వస్తే అక్కడే ఆగండి. మీరు క్లిక్ చేసింది విండోస్ డ్రైవ్ కావచ్చు.

5. ఇప్పుడు ఆ చోటు నల్ల పట్టీతో ‘అన్‌అలొకేటెడ్’ అని మారుతుంది. పాత డిస్కుల్లో ఆకుపచ్చ అంచుతో ‘ఫ్రీ స్పేస్’ అని వస్తే దాని మీద ఇంకోసారి డిలీట్ కొట్టండి, అప్పుడు నల్లగా మారుతుంది.

6. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ ఎంచుకుని నెక్స్ట్ కొడుతూ పోండి. ఈ ఆప్షన్ మసకగా ఉందంటే ఖాళీ చోటు సీ డ్రైవ్‌కు సరిగ్గా కుడి పక్కన లేదన్నమాట. మధ్యలో రికవరీ గడి అడ్డం ఉండి ఉంటుంది. దాన్ని లేపేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి. ఖాళీ చోటు మీద ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ కొట్టి డీ డ్రైవ్ చేసుకుని సినిమాలు, ఫొటోలు అందులోకి మార్చుకుంటే పని అయిపోతుంది. సీ డ్రైవే పెరగాలని పట్టుదల ఉంటే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిచేది) జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్ వాడి రికవరీ గడిని కుడికి జరపొచ్చు. అయితే పూర్తి బ్యాకప్ లేనిదే అటు వెళ్లొద్దు.

7. ఉబుంటు బూట్ ఫోల్డర్ ఇంకా ఈఎఫ్‌ఐ గడిలో ఉంటుంది. పది ఎంబీ కూడా ఉండదు. దాన్ని అలాగే వదిలేసినా రోజువారీ పనికి అడ్డం రాదు. కాకపోతే ఎప్పుడైనా బయోస్ రీసెట్ అయితే మళ్లీ ఉబుంటు పేరు పైకి వచ్చి నల్ల తెర పెడుతుంది. అందుకే తీసేయడమే మేలంటాను.

కమాండ్లను ఫోన్లో చెప్పినట్టు చెబుతాను, మీరు ఇంగ్లీషులో టైప్ చేయండి. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరవండి. పవర్‌షెల్ వద్దు, కింద చెప్పే డిలీట్ కమాండ్ అందులో ఇదే రూపంలో పనిచేయదు.

- మౌంట్, వెంటనే ఖాళీ లేకుండా వీఓఎల్. తర్వాత స్పేస్, ఎస్, కోలన్. మళ్లీ స్పేస్, స్లాష్, ఎస్. ఎంటర్.
- ఎస్, కోలన్. ఎంటర్.
- సీడీ, స్పేస్, ఈఎఫ్‌ఐ. ఎంటర్.
- డీఐఆర్. ఎంటర్. బూట్, మైక్రోసాఫ్ట్, ఉబుంటు అన్న ఫోల్డర్లు కనిపించాలి. కనిపించకపోతే ముందుకు పోకండి.
- ఆర్‌డీ, స్పేస్, స్లాష్, ఎస్, స్పేస్, ఉబుంటు. ఎంటర్. ఖాయమేనా అని అడిగితే పేరు మళ్లీ ఒకసారి చదివి, ఉబుంటు అని ఉంటేనే వై కొట్టండి.
- సీ, కోలన్. ఎంటర్. తర్వాత మొదటి కమాండే మళ్లీ, చివర ఎస్‌కు బదులు డీ. ఎస్ డ్రైవ్ మాయమవుతుంది.

ఇంత చేశాక కూడా బయోస్‌లో ఉబుంటు పేరు మిగిలి ఉండొచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లు ఫైలు లేని ఎంట్రీని వాటంతటవే తీసేస్తాయి. కొన్నింటిలో బయోస్ బూట్ పేజీలోనే డిలీట్ ఆప్షన్ ఉంటుంది. అది కిందకి పడి ఉంటే వదిలేసినా నష్టం లేదు.

లెగసీ మెషిన్ అయితే

ఇక్కడ బయోస్‌లో మార్చడానికి విండోస్ బూట్ మేనేజర్ అన్న పేరే ఉండదు. గ్రబ్ డిస్కు మొదట్లోనే కూర్చుని ఉంటుంది. పార్టిషన్ తీసే ముందు విండోస్ సెటప్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ ఎంచుకోండి. ట్రబుల్‌షూట్ ద్వారా కమాండ్ ప్రాంప్ట్‌కు వెళ్లి బూట్‌రెక్, స్పేస్, స్లాష్, ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టండి. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే తిన్నగా విండోస్ రావాలి. వచ్చాక పై లిస్టులో 3 నుంచి 6 దాకా చేయండి. ఏడోది మీకు వర్తించదు.

ఇప్పటికే గ్రబ్ రెస్క్యూ వచ్చేసిందా?

విండోస్ ఎక్కడికీ పోలేదు, భయపడకండి. యూఈఎఫ్‌ఐ అయితే ఆపి, ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లో దాన్ని ఎనేబుల్ చేయాలి. వచ్చిన లిస్టులో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే లోపలికి వెళ్లిపోతారు, అప్పుడు బూట్ ఆర్డర్ మార్చుకోండి. లెగసీ అయితే పైన చెప్పిన ఫిక్స్‌ఎంబీఆర్. ఈ మాత్రం దానికి విండోస్ మొత్తం కొత్తగా వేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

పొరపాటున వేరే పార్టిషన్ డిలీట్ అయితే చేతులు కట్టుకోండి. ఆ ఖాళీలో కొత్త వాల్యూమ్ చేయకండి, ఫార్మాట్ చేయకండి, ఏ ఫైలూ రాయకండి. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత టూల్‌తో చాలాసార్లు పార్టిషన్ తిరిగి వస్తుంది. మీకు అలవాటు లేకపోతే కంప్యూటర్ ఆపేసి తెలిసినవాళ్లకు ఇవ్వండి.

రెండూ విండోసే అయితే

కొత్త విండోస్‌లోకి బూట్ అవ్వండి. రన్ బాక్సులో ఎంఎస్‌కాన్ఫిగ్ కొట్టి ‘బూట్’ ట్యాబ్ తెరవండి. కొత్తదాని పక్కన ‘కరెంట్ ఓఎస్’ అని ఉంటుంది. దాన్ని డిఫాల్ట్ చేసి, పాతదాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టి రీస్టార్ట్ చేయండి. మెనూ రాకుండా కొత్తది వస్తే సగం పని అయిపోయినట్టే. దీంతో పోయింది మెనూలోని పేరే, ఫైళ్లన్నీ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత విండోస్ ఉన్న గడి మీద రాసింది అక్షరం అక్షరం చదవండి. అక్కడ ‘సిస్టమ్’ అన్న మాట ఉంటే బూట్ ఫైళ్లు ఆ గడిలోనే ఉన్నాయి. డిలీట్ చేస్తే కొత్త విండోస్ కూడా లేవదు. విండోస్ 7 పక్కన 10 వేసిన లెగసీ డెస్క్‌టాప్‌లలో ఇదే పెద్ద గుంట. దాటాలంటే సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘మార్క్ పార్టిషన్ యాజ్ యాక్టివ్’ కొట్టి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీబూట్, స్పేస్, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, సీ కోలన్ అని ఇవ్వండి. రీస్టార్ట్ చేశాక ‘సిస్టమ్’ మాట సీ డ్రైవ్ మీదికి రావాలి. రాకపోతే పాతదాన్ని తీయకండి. సీ డ్రైవ్ లాజికల్ డ్రైవ్ (ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల ఉండేది) అయితే ఈ దారి లేదు. పాత పార్టిషన్‌ను అలాగే ఉంచి అందులోని సొంత ఫైళ్లు ఏరేసుకోండి.

డిలీట్‌కు ముందు పాత డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ తెరిచి డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ చూసుకోండి. షాపుల వాళ్లయితే ట్యాలీ డేటా ఫోల్డర్, పేజ్‌మేకర్ ఫైళ్లు తప్పకుండా కాపీ చేసుకోవాలి. కొత్త విండోస్‌లో అను ఫాంట్లు వేసి ఒక పాత పెళ్లిపత్రిక తెరిచి, ప్రింటు తీసి, వత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూశాకే పాతదాన్ని వదలండి.

విండోస్ తీసి లైనక్స్ ఉంచుకోవడం

ఇది అడిగేవాళ్లు తక్కువ. విండోస్ పార్టిషన్‌ను ‘డిస్క్స్’ యాప్‌లో ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్ సిస్టమ్)గా ఫార్మాట్ చేసి డేటాకు వాడుకోండి. ఈఎఫ్‌ఐ గడిని మాత్రం వదిలేయండి. మెనూలో విండోస్ పేరు మిగిలితే ఈఎఫ్‌ఐ గడిలోని మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ తీసేసి, టెర్మినల్‌లో సూడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. దీనికి ముందు మీ ప్రింటర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ లైనక్స్‌లో పనిచేస్తున్నాయో లేదో లైవ్‌గా చూసుకోండి.

అంతా సరిగ్గా అయిందని తెలుసుకోవడం ఎలా?

పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే మెనూ లేకుండా ఓఎస్ రావాలి. బూట్ మెనూ కీ నొక్కి చూస్తే పాత పేరు ఉండకూడదు, ఉన్నా కింద ఉండాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్ల పట్టీ మిగలకూడదు. విండోస్ అప్‌డేట్ ఒకసారి నడిపి, మళ్లీ రీస్టార్ట్ చేసి చూడండి.

ఉబుంటు తీశాక గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లిందని కొందరు అడుగుతారు. ఉబుంటు మదర్‌బోర్డు గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. సెటింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి ‘సింక్ నౌ’ నొక్కితే సరిపోతుంది.

బిట్‌లాకర్ ఆపి ఉంటే తిరిగి ఆన్ చేయండి. బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను మాత్రం ఓ నెల పాటు ఖాళీ చేయకండి. ‘అన్నా, ఆ ఉబుంటులో ఒక ఫోల్డర్ ఉండాలి’ అనే ఫోన్లు పదిహేను రోజులు దాటాకే వస్తుంటాయి.